స్టెప్నీ కాని రెండో డీఎన్ఎస్: చిన్న ఆఫీసు నెట్‌వర్క్ మీద అపోహలు - వాస్తవాలు

చెన్నైలో చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. మన తెలుగువాళ్ళ ఆడిటర్ ఆఫీసులు, క్లినిక్‌లు, ట్యూషన్ సెంటర్లు. ఎక్కడికెళ్ళినా ఒకటే ఫిర్యాదు: "బాబూ, ఇంటర్నెట్ బాగానే ఉంది, మన సర్వర్ పేరే ఒక్కోసారి దొరకట్లేదు. ఈ సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకోటి పెట్టేద్దామా?"

ఆగండి. ముందు డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు అడ్రస్‌లు ఇచ్చేది) సెట్టింగ్‌లో రెండో డీఎన్ఎస్ (పేరు అడిగితే అడ్రస్ చెప్పే సర్వర్) గడి చూడండి. అక్కడ గూగుల్ వాళ్ళ పబ్లిక్ డీఎన్ఎస్ 8.8.8.8 ఉంటే, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఈ బాధ పోదు.

అపోహ: రెండో డీఎన్ఎస్ స్టెప్నీ లాంటిది, మొదటిది పడిపోతేనే వాడతారు.

కాదు. విండోస్ మొదటిదాన్ని అడుగుతుంది, జవాబు కాస్త ఆలస్యమైతే రెండోదాన్నీ అడిగేస్తుంది. లినక్స్‌లో పేర్లు వెతికిపెట్టే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అయితే ఒకసారి రెండోదానికి మారాక, అది పలుకుతున్నంతకాలం మొదటిదాని దగ్గరికి తిరిగి రాదు. 8.8.8.8కి మీ ఆఫీసు సర్వర్ పేరు ఎలా తెలుస్తుంది? "అలాంటి పేరే లేదు" అంటుంది. జవాబు రాకపోవడం వేరు, లేదని జవాబు రావడం వేరు. లేదని వచ్చాక సిస్టమ్ ఇంకెవరినీ అడగదు.

టీ నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసు, ఇరవై రెండు సిస్టమ్‌లు. సెప్టెంబరు నెలాఖరు, ట్యాక్స్ ఆడిట్ గడువు. నేను వెళ్ళేసరికే అక్కడ డీఎన్ఎస్‌మాస్క్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ తీసేసి బైండ్ అనే ఇంకోటి పెట్టారు, పాత డీహెచ్‌సీపీ తీసేసి ఇంకోటి పెట్టారు. మార్చిన ప్రతిసారీ ఒక ఆదివారం పోయింది. ఆ 8.8.8.8 మాత్రం ప్రతిసారీ కొత్తదాంట్లోకి వచ్చి కూర్చుంది. అకౌంట్స్ చూసే ఆవిడ తనే ఏదో నొక్కేశానని భయపడిపోయి ఉన్నారు. "సార్‌కి చెప్పకండి బాబూ" అన్నారు. ఆవిడ తప్పు రవ్వంత లేదు.

ఆవిడ సిస్టమ్‌లోనే నల్ల విండో తెరిచాను. సర్వర్ పేరుకు ఎన్ఎస్‌లుకప్ (డీఎన్ఎస్‌ని అడిగే కమాండ్) కొడితే 192.168.10.5 అని సరిగ్గా చెప్పింది. అదే పేరుకు పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతోందో లేదో చూసే కమాండ్) కొడితే దొరకలేదంది. చాలామంది ఇక్కడే తికమకపడి సర్వర్‌ని తిడతారు. ఎన్ఎస్‌లుకప్ మామూలుగా లిస్టులో మొదటి డీఎన్ఎస్‌నే అడుగుతుంది. పింగ్ మాత్రం విండోస్‌కి అందిన జవాబుతోనే నడుస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగ్‌లు చూపించే ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టాను. డీఎన్ఎస్ సర్వర్ల చోట ఆఫీసు డీఎన్ఎస్ డబ్బా 192.168.10.2, దాని కింద 8.8.8.8. డీఎన్ఎస్ డబ్బా యూపీఎస్ మీద లేదు, సిస్టమ్‌లు ఉన్నాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది బూటయ్యేలోపు సిస్టమ్‌లు 8.8.8.8 వైపు మళ్ళేవి. ఆ లైను తీసేసి, డబ్బాని యూపీఎస్ మీదికి మార్చి, కొత్త సెట్టింగ్ అందేలా అందరి చేతా రెన్యూ కొట్టించాను. ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

8.8.8.8 వాడొద్దనడం లేదు. అది ఉండాల్సింది మీ డీఎన్ఎస్ సర్వర్ వెనకాల, ఫార్వర్డర్‌గా, అంటే మీ సర్వర్ తనకు తెలియని పేర్లను అడిగే చోటుగా. సిస్టమ్‌లకు మీ సర్వర్ ఒక్కటే కనబడాలి. రెండోది కావాల్సిందే అంటే అవే పేర్లు తెలిసిన ఇంకో డబ్బా పెట్టండి. అంత ఖర్చు వద్దనుకుంటే కాన్ఫిగ్ కాపీతో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి బీరువాలో ఉంచండి. డీహెచ్‌సీపీ కాసేపు ఆగినా కంగారు పడక్కర్లేదు, లీజు (అడ్రస్ ఇచ్చిన గడువు) అయిపోయేదాకా ఇచ్చిన అడ్రస్ పనిచేస్తుంది. లీజు పన్నెండు గంటలు పెడితే మార్చుకోవడానికి తీరిక ఉంటుంది.

అపోహ: డీఎన్ఎస్‌మాస్క్ ఇళ్ళకే, ఆఫీసుకి బైండ్ కావాలి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్‌సోర్స్ సిస్టమ్ ఉన్న రౌటర్లలో మామూలుగా నడిచేది డీఎన్ఎస్‌మాస్కే. ప్రకటనలు ఆపే పై-హోల్ ఇంజిన్ కూడా దాని మీద కట్టిందే. కనీసం వెయ్యి క్లయింట్‌లను మోయగలదని దాని మాన్యువల్‌లోనే ఉంది. ఇరవై సిస్టమ్‌ల ఆఫీసుకు నేను ఇదే పెడతాను. అడ్రస్ ఇచ్చేదీ పేరు చెప్పేదీ ఒకటే కాబట్టి, లీజు తీసుకున్న సిస్టమ్ పేరు దానంతటదే డీఎన్ఎస్‌లోకి వస్తుంది. బైండ్‌తో ఇదే చేయాలంటే కీలు, జోన్ ఫైళ్ళు, డైనమిక్ అప్‌డేట్‌లు అన్నీ అమర్చాలి. మీ డొమైన్‌ని బయటి ప్రపంచానికి మీరే చూపించాలంటే అప్పుడు బైండ్ సంగతి ఆలోచించండి.

అపోహ: ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ పాతదైనా గట్టిది.

ఐఎస్‌సీ అనే సంస్థ చేసిన ఆ డీహెచ్‌సీపీ సర్వర్ మెయింటెనెన్స్ 2022లోనే ఆపేశారు. ఆ తయారీదార్లే తమ కొత్త సర్వర్ కియా వాడమంటున్నారు. పాత ట్యుటోరియల్ చూసి ఇప్పుడు కొత్తగా దాన్ని పెట్టకండి.

అపోహ: అన్‌బౌండ్ ఒక్కటి పెడితే అన్నీ అదే చూసుకుంటుంది. డీఎన్ఎస్ వరకే. అడ్రస్‌లు ఇవ్వదు.

అపోహ: ఆఫీసు పేర్ల చివర .లోకల్ పెట్టుకోవచ్చు. అది ఎండీఎన్ఎస్ (సర్వర్ లేకుండా పరికరాలే తమ పేర్లు చెప్పుకునే పద్ధతి) కోసం కేటాయించింది, ప్రింటర్లతో గొడవ వస్తుంది. ప్రైవేటు నెట్‌వర్క్‌ల కోసమని, ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ 2024లో .ఇంటర్నల్‌ని పక్కన పెట్టింది, అది వాడండి.

అపోహ: కొత్త సర్వర్ పెడితే రౌటర్‌లోని డీహెచ్‌సీపీ దానంతటదే తప్పుకుంటుంది. చాలా రౌటర్లలో తప్పుకోదు. రెండూ అడ్రస్‌లు ఇస్తూనే ఉంటాయి, మామూలుగా ఎవరి ఆఫర్ ముందొస్తే సిస్టమ్ దాన్నే పట్టుకుంటుంది. రౌటర్‌లో చేత్తో ఆఫ్ చేసి, ఏదో ఒక సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి, డీహెచ్‌సీపీ సర్వర్ అన్న చోట ఎవరి అడ్రస్ ఉందో చూశాకే ఇంటికి వెళ్ళండి.