"స్ట్రాంగ్‌ది ఏదండీ?": చిన్న బ్రూవరీల బీరుపై అపోహలు - వాస్తవాలు

మా బ్రూవరీకి కొత్తగా వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర నిలబడి మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ "స్ట్రాంగ్‌ది ఏదండీ?" అనే. అడుగుతున్నప్పుడు వాళ్ల చూపు స్టౌట్ అనే నల్లటి బీరు ట్యాప్ మీదే ఉంటుంది. నేను పక్కనున్న లేత బంగారు రంగు బీరు చూపిస్తే ఆటపట్టిస్తున్నాననుకుంటారు.

బీరు తయారీ నా వృత్తి. అంటే రోజులో ముప్పావు వంతు ట్యాంకులు, పైపులు కడగడం, మిగిలిన సమయంలో బీరు తయారుచేయడం. సెలవు దొరికితే ఇంకోళ్ల బ్రూవరీలు చూడ్డానికి పోతాను. ఒక ప్రాంతంలో నాలుగైదు చిన్న బ్రూవరీలు దగ్గరదగ్గరగా ఉన్నాయంటే రెండు రోజులు పెట్టుకుని అన్నీ చుట్టి వస్తాను. కౌంటరుకు ఇటూ అటూ నిలబడి చూశాక నాకు తెలిసిందేమిటంటే, జనం బీరును రంగు చూసి, పేరు చూసి, బోర్డు చూసి అంచనా వేస్తారు. బీరు బాగుండడం, బాగోకపోవడం మాత్రం అది ఎప్పుడు తయారైంది, ఎలా దాచారు, ఎంత శుభ్రంగా పోశారు అన్న దాని మీద ఉంటుంది.

అపోహ: నల్లటి బీరంటే ఘాటు, బరువు

రంగు మాల్ట్ నుంచి వస్తుంది. బార్లీని నానబెట్టి, మొలక రాగానే ఆరబెడితే అది మాల్ట్. దాన్నే కాఫీ గింజల్లా నల్లబడేదాకా వేయిస్తే స్టౌట్‌కు కావలసిన సరుకు. మొత్తం ధాన్యంలో ఈ వేయించిన మాల్ట్ పదో వంతు కలిపినా చాలు, బీరు నల్లగా దిగుతుంది. ఆల్కహాల్ సంగతి వేరు. ఈస్ట్ ఎంత చక్కెర తింటే అంత ఆల్కహాల్. గిన్నెస్ డ్రాట్ చాలాచోట్ల 4.2 శాతమే. బెల్జియం వాళ్ల డువెల్ చూడ్డానికి ఎండలో పెట్టిన తేనెలా ఉంటుంది, 8.5 శాతం. కొన్ని స్టౌట్లు నోట్లో చిక్కగా అనిపించడానికి కారణం కూడా ఆల్కహాల్ కాదు, పోసేటప్పుడు కలిపే నైట్రోజన్. దాని బుడగలు మరీ చిన్నవి కాబట్టి మీగడలా తగులుతుంది.

బోర్డు మీద పేరు పక్కన శాతం రాసి ఉంటుంది. అది చూడండి చాలు.

అపోహ: ఐపీఏని ఇండియా ఓడల కోసమే కనిపెట్టారు

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. అది ఇండియా ఓడల కోసమే పుట్టిందన్న కథ ప్రతి బ్రూవరీ గోడ మీదా ఉంటుంది. మా గోడ మీద కూడా ఉండేది, నేనే తీయించాను.

18వ శతాబ్దం చివర్లో లండన్ బో బ్రూవరీకి చెందిన జార్జ్ హాడ్జ్‌సన్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలవాళ్లకు బీరు అమ్మిన మాట నిజం. అయితే ఆయన కొత్త రకం ఏదో కనిపెట్టాడనడానికి ఆధారాల్లేవు. వేడి దేశాలకు పోయే బీరులో హాప్స్ (చేదు, వాసన ఇచ్చే తీగ పూలు) ఎక్కువ వేయాలని బ్రూవర్లకు అప్పటికే తెలుసు. పైగా పోర్టర్ అనే నల్లటి బీరు కూడా అదే సముద్రం దాటి ఇండియాకు చేరేది, తాగేవాళ్లు తాగేవారు. హాడ్జ్‌సన్ తర్వాత ఈ వ్యాపారం బర్టన్ ఆన్ ట్రెంట్ ఊరి చేతికి వెళ్లింది. అక్కడి బావుల నీళ్లలో సల్ఫేట్ ఎక్కువ. ఆ నీళ్లలో హాప్స్ చేదు నాలుక మీద లాగకుండా చటుక్కున తేలిపోతుంది. ఇప్పటికీ ఐపీఏ చేసే చాలామంది బ్రూవర్లు నీళ్లలో గుప్పెడు జిప్సం (సల్ఫేట్ ఉన్న ఖనిజం) వేసి ఆ బర్టన్ నీళ్లను అనుకరిస్తారు. దీనికి పూర్తిగా ఎదురు చెక్ ఊరు ప్లజెన్. అక్కడి నీళ్లలో లవణాలు బాగా తక్కువ. జోసెఫ్ గ్రోల్ 1842లో పిల్స్‌నర్ అనే లేత బంగారు రంగు బీరు మొదట చేసింది ఆ నీళ్లతోనే.

ఐపీఏ అంటే చేదే అన్నది కూడా పాత మాటైపోయింది. హాప్స్‌ను మరుగు మొదట్లో వేస్తే దానిలోని ఆమ్లాలు మారి చేదు దిగుతుంది, వాసన నూనెలు మాత్రం ఆవిరితో పోతాయి. మరుగు ఆపాక, లేదా పులిసే ట్యాంకులోనే వేస్తే చేదు కొంచెమే దిగి, వాసనంతా మిగులుతుంది. ఇప్పుడు అందరూ ఎగబడే మబ్బు ఐపీఏలు అలా చేసినవే. హాప్స్ రెట్టింపు వేసినా చేదు తక్కువగా ఉంటుంది. ఒకసారి చేదని వదిలేసినవాళ్లు వీటిని రుచి చూసి, పండ్ల రసం కలిపారా అని అడుగుతారు. కలపలేదు.

అపోహ: ఊళ్లో చేసిన బీరంటే ఆ ఊరి పంటతో చేసిందే

హాప్స్ తీగ ఎక్కడపడితే అక్కడ కాయదు. వేసవి పగళ్లు బాగా పొడుగ్గా ఉండాలి. వాణిజ్యంగా ఎక్కువ పండేది భూమధ్యరేఖకు ఉత్తరాన గానీ దక్షిణాన గానీ 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య. జర్మనీలో హల్లర్‌టావ్, చెక్‌లో జాటెక్, ఇంగ్లండ్‌లో కెంట్, అమెరికాలో యాకిమా లోయ. మాల్ట్ కూడా ఎక్కువమంది పెద్ద మాల్ట్ ఫ్యాక్టరీల దగ్గరే కొంటారు. ఊరిది అని గట్టిగా చెప్పగలిగింది నీళ్లు, పనివాళ్లు. ఒక్కోచోట ఈస్ట్. హాప్స్ పండే ప్రాంతానికి కోతల సమయంలో వెళ్తే మాత్రం అడిగి మరీ తాగాల్సినది ఒకటుంది. కోసిన హాప్స్‌ను ఆరబెట్టకుండా, దాదాపు ఒక రోజులోపే గంగాళంలో వేసి చేసే బీరు. పచ్చి ఆకు వాసన వస్తుంది. ఏడాదికి ఒక్కసారే దొరుకుతుంది.

అపోహ: ఇండిపెండెంట్ అంటే చిన్నదని అర్థం

ఇండిపెండెంట్ అన్న మాట యజమాని ఎవరో చెబుతుంది, ట్యాంకు ఎంతో కాదు. అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ లెక్కలో క్రాఫ్ట్ బ్రూవరీ అంటే ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లు దాటకూడదు. అంటే సుమారు 70 కోట్ల లీటర్లు. దాన్ని చిన్నదని ఎలా అంటాం? అసలు షరతు రెండోది: క్రాఫ్ట్ కాని మద్యం కంపెనీకి అందులో 25 శాతం వాటా ఉండకూడదు. 2011లో షికాగో గూస్ ఐలాండ్‌ను ప్రపంచంలోనే అతి పెద్ద బీరు కంపెనీ కొన్నప్పుడు మర్నాడు ట్యాపులోంచి వచ్చిన బీరు ముందు రోజుదే. మారింది డబ్బు వెళ్లే దారి. ఇలాంటివి పెరిగాక 2017లో ఆ సంఘం తలకిందులైన సీసా బొమ్మతో ఒక గుర్తు తెచ్చింది, ఎవరు ఎవరి చేతిలో ఉన్నారో లేబుల్ చూసి తెలుసుకోవడానికి.

ఇక ఇండిపెండెంట్ అంటే సొంత బ్రూవరీ ఉండి తీరాలనీ లేదు. డెన్మార్క్ బీరు కంపెనీ మిక్కెలర్ 2006లో మొదలైనప్పుడు వాళ్లకు సొంత ట్యాంకే లేదు. ఇంకోళ్ల బ్రూవరీలో ఖాళీ చూసుకుని బీరు చేయించుకునేవాళ్లు. ఇలా చేసేవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు, అందులో తప్పేం లేదు. ఎక్కడ చేశారో దాచిపెట్టి, గోడకు రాగి గంగాళం బొమ్మ వేలాడదీస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: పెద్ద కంపెనీల లేత లాగర్ ఎవరైనా చేసేస్తారు

ఇది మా వృత్తిలోవాళ్లే ఎక్కువగా చెప్పే అబద్ధం. మొదట్లో నేనూ చెప్పాను, తర్వాత మొదటి లాగర్ చేశాను.

బీర్లలో రెండు పెద్ద కుటుంబాలు, ఏల్, లాగర్. తేడా ఈస్ట్‌లోనే. ఏల్ ఈస్ట్ వెచ్చగా, 15 నుంచి 24 డిగ్రీల దగ్గర చకచకా పని ముగిస్తుంది. లాగర్ ఈస్ట్‌కు 7 నుంచి 13 డిగ్రీల చల్లదనం కావాలి, ఆ తర్వాత దాదాపు గడ్డకట్టే చలిలో వారాల తరబడి విశ్రాంతి. నా దగ్గర ఉన్నవి తక్కువ ట్యాంకులు, తర్వాతి బ్యాచ్ గింజలు వచ్చి కూర్చున్నాయి. టెన్షన్‌లో నాలుగు రోజులు ముందే చల్లార్చేశాను. కెగ్‌లో (బీరు నింపే లోహపు పీపాలో) పోశాక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే వెన్న వాసన. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద చల్లే ఆ వెన్న. దాని పేరు డయాసిటైల్. ఈస్ట్ పని మధ్యలో దానికి ముడిసరుకు వదులుతుంది, టైం ఇస్తే పుట్టిన డయాసిటైల్‌ను తనే తిరిగి తినేస్తుంది. నేను టైం ఇవ్వలేదు. స్టౌట్‌లో అయితే ఆ వాసన సగం కప్పుకుపోయేది. లేత లాగర్‌లో దాక్కోవడానికి చోటే లేదు. ట్యాంకు మొత్తం కాలువలో పోశాను.

అప్పటినుంచి చల్లార్చే ముందు చిన్న పరీక్ష ఒకటి తప్పనిసరి. రెండు చిన్న గాజు సీసాల్లో బీరు తీసుకుని, ఒకదాన్ని 60 డిగ్రీల పైన వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ పక్కపక్కన వాసన చూస్తాను. వేడి చేసినదాంట్లో వెన్న తగిలితే ట్యాంకు కదలదు. పెద్ద కంపెనీ లాగర్ రుచి నాకు నచ్చకపోవచ్చు. కానీ వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫ్యాక్టరీల్లో ప్రతి బ్యాచ్ ఒకేలా రావడమనే విద్యకు మాత్రం దండం పెడతాను.

అపోహ: మబ్బుగా ఉన్నా, పుల్లగా ఉన్నా పాడైనట్టే

జర్మనీ గోధుమ బీరు మబ్బుగానే ఉంటుంది, అది ఈస్ట్, గోధుమలోని ప్రొటీన్. బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ పుల్లగానే ఉంటుంది. వాళ్లు ఈస్ట్ వేయరు, మరిగిన ద్రవాన్ని రాత్రంతా తెరిచిన వెడల్పాటి తొట్టిలో చల్లారనిస్తే గాలిలోని సూక్ష్మజీవులే దిగి పనిచేస్తాయి. తర్వాత కొయ్య పీపాల్లో ఏళ్లు గడుస్తాయి. అద్దంలా తేటగా ఉండి తడిసిన అట్టముక్క వాసన కొట్టే బీరే నిజంగా పాడైనది. ఆక్సిజన్ తగిలి పాతబడింది. వెనక్కి ఇచ్చేయండి, మొహమాటపడకండి.

అపోహ: నురగ ఎక్కువుంటే మోసం చేస్తున్నట్టు

గ్లాసు నిండా నురగే పోస్తే మోసమే. కానీ రెండు వేళ్ల మందం నురగ లేని బీరు సగం బీరే, ఎందుకంటే హాప్స్ వాసన ముక్కుకు చేరేది ఆ బుడగలు పగులుతున్నప్పుడే. నురగ లేకుండా పక్కకు వంచి పోసిన బీరులో గ్యాస్ అంతా లోపలే ఉండి, కడుపులోకి వెళ్లాక బయటపడుతుంది.

కొత్త బ్రూవరీలోకి వెళ్తే నేను మెనూ కంటే ముందు చూసేది గ్లాసునే. బీరు పోశాక గ్లాసు లోపలి గోడకు బుడగలు గుంపులుగా అంటుకుని ఉన్నాయంటే అక్కడ జిడ్డు గానీ సబ్బు గానీ మిగిలిపోయింది. శుభ్రమైన గ్లాసులో బుడగలు గోడకు అంటవు, పైకి పోతాయి. తాగుతున్నకొద్దీ ప్రతి గుక్క దగ్గరా నురగ ఒక ఉంగరంలా గోడకు మిగిలిపోతుంది. లిప్‌స్టిక్ అంటిన అంచు దగ్గర నురగ చప్పున చచ్చిపోవడం చూశారా? అదే కారణం, కొవ్వు. గ్లాసు కడగనివాళ్లు పైపులు కడుగుతారన్న నమ్మకం నాకు లేదు. ట్యాప్ దాకా వచ్చే పైపుల్ని రెండు వారాలకోసారైనా శుభ్రం చేయాలి. చేయకపోతే ఎంత గొప్ప బ్రూవర్ చేసిన బీరైనా పుల్లగా, వెన్న వాసనతో వస్తుంది, నింద బ్రూవర్ మీద పడుతుంది.

ఇంకొన్ని, గబగబా

ఐస్‌లా చల్లగా ఉంటేనే బీరు అంటారు. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, తప్పులు కూడా దాక్కుంటాయి. లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు, స్ట్రాంగ్ స్టౌట్‌కు 12 దాకా పర్వాలేదు. బ్రిటన్‌లో పీపాలోంచే పోసే కాస్క్ ఏల్ వెచ్చగా ఉంటుందన్న జోకు కూడా తప్పే, దాన్ని 11 నుంచి 13 డిగ్రీల నేలమాళిగలో ఉంచుతారు.

డబ్బాలో బీరు రేకు వాసన వస్తుందంటారు. 1935లో అమెరికాలో మొదటి డబ్బా బీరు అమ్మకానికి వచ్చినప్పటి నుంచే లోపల పూత ఉంది, రేకు బీరుకు తగలదు. పైగా వెలుతురు పడదు. హాప్స్ చేదుకు ఎండ తగిలితే నిమిషాల్లో దుర్వాసన పుడుతుంది. గోధుమ రంగు సీసా చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది, తెల్లది ఆపవు.

దాచిపెడితే రుచి పెరుగుతుందనుకునేవాళ్లు ఐపీఏలు ఫ్రిజ్‌లో ఏడాది ఉంచి తెస్తారు. అయ్యో అనిపిస్తుంది. పాతబడి బాగుపడేవి బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్ లాంటి బాగా స్ట్రాంగ్ బీర్లు, లాంబిక్ లాంటి కొన్నే. ఐపీఏ డబ్బా అడుగున ప్యాక్ చేసిన తేదీ చూసి, నెల, రెండు నెలల్లోపుది కొనండి.

అపోహ: చిన్న చిన్న గ్లాసులే కదా, ఏమవుతుంది

బ్రూవరీల చుట్టూ తిరిగేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రుచి చూడ్డానికి ఇచ్చే పలకలో వంద మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు ఉన్నాయనుకుందాం, అన్నీ 8 శాతం బీరే. అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 32 గ్రాములు. మామూలు 5 శాతం బీరు 330 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 13 గ్రాములు. అంటే ఒక్క పలకతో రెండు సీసాలు దాటేశారు, ఇంకా మూడు బ్రూవరీలు మిగిలే ఉన్నాయి. చేతితో చేసింది, సహజమైంది కాబట్టి హాని లేదనడం కూడా వినిపిస్తుంటుంది. ఆల్కహాల్ ఏ గ్లాసులో ఉన్నా ఆల్కహాలే. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నా పొట్టకూడు ఇదే అయినా ఆ మాటకు నేను అడ్డు చెప్పను.

నేను తిరిగేటప్పుడు బండి నడిపేవాళ్లు గ్లాసు ముట్టరు, అది మొదటే అనుకుంటాం. ప్రతిచోటా వాళ్లు చేసే అతి మామూలు లేత లాగర్ ఒక చిన్న గ్లాసు అడుగుతాను, ఎందుకో పైన చెప్పాను. అది బాగుంటే, వాళ్లకిష్టమైనది ఇంకొకటి. కౌంటరులో ఉన్నవాళ్లను "ఇది కెగ్‌లో ఎప్పుడు పోశారు?" అని అడుగుతాను. కొందరు బిత్తరపోతారు. కొందరు "మంగళవారం, రండి ట్యాంకు చూపిస్తా" అంటారు. అలా లోపలికి పిలిచినచోట గంట గడిచిపోతుంది, ఇక ఆ రోజు రెండో బ్రూవరీతోనే ఆగిపోతాను. మిగతావి మర్నాటికి.