కీర తీగ నిండా పూలే, పిందెలేవి?

మిద్దె మీద వేసిన కీర తీగ నిండా పసుపు పూలున్నాయట, ఒక్క పిందె కూడా లేదట. దిష్టి తగిలిందని ఇంట్లోవాళ్లు అంటున్నారు, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. దిష్టి కాదండీ. కీర తీగ ముందుగా మగపూలే పూస్తుంది. విత్తిన 30-35 రోజులకు అవి మొదలైతే, ఆడపూలు మరో వారం పది రోజులకు కనిపిస్తాయి.

పువ్వును వెనక్కి తిప్పి చూడండి. సన్నటి కాడ ఒక్కటే ఉంటే మగది. రేకుల కింద నూగుతో, చిన్న చిన్న ముళ్లతో బుల్లి కీరకాయ ఉంటే ఆడది. మగపూలు కణుపు దగ్గర గుంపుగా వస్తాయి, ఆడది చాలావరకు ఒంటరిగా వస్తుంది. పువ్వు భాగాల పేర్లు బట్టీ పట్టించే ముందు పిల్లల్ని ఈ తీగ దగ్గర ఐదు నిమిషాలు నిలబెడితే పాఠం సగం అయిపోయినట్టే.

అసలు అద్భుతం మొగ్గలో ఉంది. తొలిదశలో ప్రతి మొగ్గలోనూ కేసరాల (మగ భాగం) మొలకలు, అండకోశపు (ఆడ భాగం) మొలక రెండూ ఉంటాయి. ఆ తర్వాత ఏదో ఒకటి ఎదుగుదల ఆపేస్తుంది. ఏది ఆగాలో తేల్చడంలో పెద్దపాత్ర ఇథిలీన్‌ది. మామిడికాయల్ని, అరటికాయల్ని మగ్గించే వాయువే ఇది. మొక్క దీన్ని మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకుంటుంది. మధ్యలో ఏసీసీ అనే పదార్థం ఏర్పడాలి, దాన్ని తయారుచేసేది ఏసీసీ సింథేజ్ అనే ఎంజైమ్. మొగ్గలో ఇథిలీన్ బాగా ఉంటే కేసరాలు ఆగిపోయి అండాశయం పెరుగుతుంది, తక్కువైతే మగపువ్వవుతుంది. దాదాపు అన్నీ ఆడపూలే పూసే హైబ్రిడ్లలో ఈ ఎంజైమ్ జన్యువుకు అదనంగా మరో కాపీ ఉంటుంది. అలాంటి తీగ నుంచి విత్తనం తీయాలంటే మగపూలు కావాలి కదా! అందుకు విత్తనోత్పత్తిదారులు ఇథిలీన్ ప్రభావాన్ని అడ్డుకునే వెండి లవణాలు పిచికారీ చేసి మగపూలు పూయిస్తారు.

వాతావరణం కూడా ఇక్కడే చెయ్యి పెడుతుంది. పగటి పొద్దు తక్కువై, రాత్రుళ్లు చల్లగా ఉంటే ఆడపూలు పెరుగుతాయి. ఎండలు ముదిరినా, నత్రజని ఎక్కువైనా మగపూలదే రాజ్యం. అందుకే ఆకులు ముదురాకుపచ్చగా విస్తరిస్తున్న తీగకు యూరియా అస్సలు వేయకూడదు. 15 అంగుళాల గ్రోబ్యాగ్‌లో రెండు మొక్కలు చాలు. పూత మొదలయ్యాక పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తే సరిపోతుంది. పొలాల్లో రెండాకుల దశలో, మళ్లీ నాలుగాకుల దశలో ఎథ్రెల్ అనే, ఇథిలీన్‌ను విడుదల చేసే మందు కొడతారు. 39 శాతం మందైతే లీటరు నీటికి సుమారు 0.4 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 150 పీపీఎం (పది లక్షల పాళ్లలో 150 పాళ్లు). మోతాదు మించితే తీగ గిడసబారుతుంది. నాలుగు మొక్కల మిద్దెతోటకు ఆ మందు అనవసరం.

ఆడపూలు వచ్చాక కూడా పిందె పసుపెక్కి రాలిపోతోందంటే సాధారణంగా పుప్పొడి అందలేదన్నమాట. పిందెకు వేలు చూపిస్తే కుళ్లిపోతుందని మన పెద్దలనే మాట ఇక్కడే పుట్టి ఉంటుంది. పుప్పొడి అందని పిందె వేలు చూపించకపోయినా రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. ఆడపువ్వు విచ్చుకునేది ఒక్కరోజే, తేనెటీగ దాని మీద చాలాసార్లు వాలాలి. అరకొరగా అందితే గింజలు పట్టినచోటే కాయ లావెక్కి, మిగతాచోట సన్నబడి వంకర తిరుగుతుంది. ఎత్తైన అపార్ట్‌మెంట్ బాల్కనీలకు తేనెటీగలు రాకపోతే ఆ పని మనమే చేయాలి. ఉదయం పది లోపు, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న కేసరాలను ఆడపువ్వు నడుమ ఉన్న కీలాగ్రం మూడు పాయలకూ మెల్లగా రుద్దాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. మధ్యాహ్నానికి పుప్పొడి సత్తువ తగ్గిపోతుంది.

విత్తనాల ప్యాకెట్ మీద పాలీహౌస్ రకం అని ఉంటే మాత్రం రుద్దకండి. ఆ రకాలు సాధారణంగా పుప్పొడి లేకుండానే గింజలేని కాయ కాస్తాయి. పుప్పొడి తగిలితే గింజలు పట్టి కాయ కింది కొస ఉబ్బుతుంది.