ఎస్‌వీజీ చేసినంత మాత్రాన గ్రాఫు మాట్లాడదు

నివేదికలకు గ్రాఫులు గీసి ఇవ్వడం నా వృత్తి. "ఎస్‌వీజీలోనే ఇచ్చాం కదండీ, ఇక చూపు లేనివారికి కూడా ఇబ్బంది ఉండదు" అనే మాట విని విని విసుగొచ్చింది. ఎస్‌వీజీ అంటే బొమ్మను పిక్సెళ్లుగా కాక గీతల లెక్కలుగా దాచే వెక్టర్ ఫైలు.

అపోహ: వెక్టర్ ఫైలు అయితే చాలు, స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదివేస్తుంది.

వాస్తవం: వెక్టర్ బొమ్మను ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. చూపు మందగించినవారికి అది మేలే. వినేవారి సంగతి వేరు. పైథాన్‌లో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌ను దాని మానాన వదిలేస్తే అక్షరాలన్నింటినీ పాత్‌లుగా, అంటే ఉత్త గీతలుగా మార్చేస్తుంది. గణాంకాలకు వాడే ఆర్ భాషతో వచ్చే ఎస్‌వీజీ డివైస్‌దీ అదే వరస.

ఒక పరిశోధక విద్యార్థిని గడువు ముంచుకొస్తోందని కంగారుగా ఫోన్ చేసింది. "సార్, ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతికితే అక్షం పేరు కనిపిస్తోంది. మా లెక్చరర్ గారి స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ మాత్రం గ్రాఫిక్ అని ఊరుకుంటోందట." పాపం, ఆ అమ్మాయి వెతకడంలో లోపం లేదు. మాట్‌ప్లాట్‌లిబ్ గీతలు రాసే ముందు అసలు పదాన్ని కామెంటుగా, అంటే తెరమీద కనిపించని గమనికగా, రాసిపెడుతుంది. ఆమెకు దొరికింది ఆ కామెంటే, స్క్రీన్ రీడర్ దాన్ని పట్టించుకోదు. అందుకే పరీక్ష బ్రౌజర్‌లో చేయాలి: అక్షం పేరును మౌస్‌తో ఎంచుకోగలిగితే అది అక్షరం, లేకపోతే బొమ్మ. మాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫాంట్‌టైప్ (svg.fonttype) సెట్టింగును 'నన్' (none) చేస్తే అక్షరాలు అక్షరాలుగానే మిగులుతాయి. ఆర్ వాడేవారికి ఎస్‌వీజీలైట్ అనే ప్యాకేజీ ఉంది. ఇందులో తెలుగువారికి ఇంకో లాభం: మాట్‌ప్లాట్‌లిబ్ చిందరవందర చేసే మన ఒత్తులను, గుణింతాలను అప్పుడు బ్రౌజరే సరిగా కూర్చుకుంటుంది. అయితే అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే రూపం మారుతుంది కాబట్టి ప్రెస్సుకు పాత్‌ల ఫైలే పంపండి.

అక్షరాలు బతికినా పని సగమే అయినట్టు. వెబ్ పేజీలోకి నేరుగా ఎక్కించిన ఎస్‌వీజీని స్క్రీన్ రీడర్ "సున్నా, ఇరవై, నలభై, అరవై" అంటూ ఎక్కాల్లా అప్పజెప్పవచ్చు. దానికి 'ఇమేజ్' (role=img) అనే పాత్ర ఇచ్చి, టైటిల్ (పేరు), డెస్క్ (వివరణ) ట్యాగులు రాసి, వాటిని aria-labelledby అనే గుర్తుతో ముడిపెట్టాలి. మాట్‌ప్లాట్‌లిబ్‌లో టైటిల్‌ను భద్రపరిచేటప్పుడే మెటాడేటాగా ఇవ్వవచ్చు, డెస్క్ మాత్రం చేత్తో చేర్చుకోవలసిందే. అదే ఫైలును ఇమేజ్ ట్యాగుతో పెడితే లోపల రాసినవేవీ బయటికి రావు, ఆల్ట్ వచనం (బొమ్మకు బదులుగా స్క్రీన్ రీడర్ చదివే మాటలు) తప్పనిసరి.

ఆ వచనంలో "జనాభా గ్రాఫు" అని రాసి చేతులు దులుపుకోకండి. "1951లో సుమారు 36 కోట్లున్న భారత జనాభా 2011 నాటికి 121 కోట్లకు చేరింది, పదేళ్ల వృద్ధి శాతం మాత్రం 1981 తర్వాత తగ్గుతూ వచ్చింది" అనండి. చూసేవారికి మొదటి చూపులో తెలిసేది ఇదే కదా. న్యూజీలాండ్‌లోని మాసే విశ్వవిద్యాలయంలో పనిచేసిన, చూపు లేని గణాంక శాస్త్రవేత్త జొనాథన్ గాడ్‌ఫ్రే ఆర్ కోసం బ్రెయిల్‌ఆర్ ప్యాకేజీ తయారుచేశారు. చాలా గ్రాఫులకు అది వచనంలో వివరణ ఇస్తుంది. మంచి నమూనా, చూడండి.

మిగతా అపోహలు చిల్లరవి. పిక్సెళ్ల బొమ్మ అయిన పీఎన్‌జీని ఆన్‌లైన్‌లో ఎస్‌వీజీగా "మార్చే" సైట్లు చాలాసార్లు పాత బొమ్మనే కొత్త సంచిలో పెట్టి ఇస్తాయి. లక్షల చుక్కల గ్రాఫు బరువెక్కితే చుక్కలను మాత్రం రాస్టర్ చేసి (పిక్సెళ్ల బొమ్మగా మార్చి) అక్షరాలను అలాగే ఉంచండి. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపకండి, గీతల తీరు కూడా మార్చండి.

ఇక "పాత పీఎన్‌జీలన్నీ మళ్లీ గీయాలా?" అని బెంగపడేవారికి: అక్కర్లేదు. మంచి ఆల్ట్ వచనం, పక్కనే అంకెల పట్టిక ఉన్న పీఎన్‌జీ మూగ ఎస్‌వీజీకన్నా నయం. కొత్తగా గీసేవాటితో మొదలుపెట్టండి.