వ్యాసాల మార్కులకు ఏ వ్యాకరణం కొలత?

చెన్నైలో తెలుగు పిల్లల వ్యాసరచన పోటీలకు మార్కులు వేసేవారి మధ్య పాత తగవు మళ్ళీ రాజుకుంది. బండి ఱ రాయలేదనీ, పదాల మధ్య సంధి కలపలేదనీ మార్కులు తగ్గించవచ్చా అన్నదే తగవు.

ఈ నియమాలకు ఆధారమైన గ్రాంథిక (కావ్యభాష) వ్యాకరణం బాలవ్యాకరణం గురించీ, దాన్ని రాసిన చిన్నయసూరి గురించీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఏ తెలుగులో రాయాలన్న పండితుల చర్చ పరీక్షా నియమంగా మారిన 1911-15 మధ్య కాలమే ఇక్కడ ముఖ్యం. స్కూల్ ఫైనల్ విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చునని అప్పట్లో అనుమతి వచ్చింది. 1911లో మద్రాసులోనే జయంతి రామయ్య పంతులు పూనికతో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దాన్ని గట్టిగా ఎదిరించింది. వాడుక జిల్లాకొక తీరు కనుక అందరినీ కలిపి ఉంచేది గ్రాంథికమేనని పరిషత్తు వాదం.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు దీనికి ఆధారాలతో జవాబిచ్చారు. ఆయన నియమాలే వద్దనలేదు. శిష్టుల, అంటే చదువుకున్నవారి, వాడుకలో నిలిచినవే నియమాలన్నారు. గ్రాంథికవాదుల పుస్తకాల్లోనే వారి వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపారు. మద్రాసు వాసి ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో సాగించిన కాశీయాత్రను వాడుకకు దగ్గరైన వచనంలోనే రాశారు. 1858 నాటి బాలవ్యాకరణానికి అది ఎంతో ముందరిది. మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో గురజాడ అప్పారావు ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఈ పక్షానిదే. అయినా గ్రాంథికవాదుల ఒత్తిడే గెలిచి, పిల్లలకు దక్కిన వెసులుబాటు పోయింది. తప్పుల భయంతో రాయడం అప్పటినుంచే మన బడులకు అలవాటైందని నా నమ్మకం.

ఇప్పుడు 'వాడు ఇంటికి వెళ్లాడు' అన్న వాక్యాన్నే తీసుకుందాం. ఉత్తునకు (హ్రస్వ ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యమన్న సూత్రం ప్రకారం 'వాఁడింటికి' అనాలి. అయితే ఆ వ్యాకరణం ప్రకారం 'వెళ్లాడు' కూడా చెల్లదు, 'వెళ్లెను' అనాలి. క్రియను వదిలేసి సంధికి మాత్రం మార్కు కోసేవారు ఏ వ్యాకరణాన్ని పాటిస్తున్నట్టు? బండి ఱ పలుకుబడిలో ఏనాడో మామూలు రేఫలో (ర) కలిసిపోయింది. 'కల్లు', 'కళ్లు' మధ్య భేదం అలా పోలేదు; ల, ళ తారుమారైతే అర్థమే మారిపోతుంది కనుక అక్కడ మార్కు తగ్గించడం న్యాయం. ఏ తప్పులకు మార్కులు పోతాయో పోటీకి ముందే పిల్లలకు చెప్పాలని ఒక వర్గం కోరుతోంది, రెండో వర్గం ఇంకా ఒప్పుకోలేదు.