ఎమెట్ అనే చీమ, ఆంటీ అనే చుట్టం

డాలస్‌లో ఉండే మా మేనకోడలి కొడుక్కి ఏడేళ్ళు. మొన్న వీడియో కాల్‌లో "తాతా, పక్కింటి ఆమెని అమ్మ చీమ అని ఎందుకు పిలుస్తుంది?" అని అడిగాడు. నాకు ముక్క అర్థం కాలేదు. తర్వాత విషయం తేలింది. అమెరికాలో చాలామంది అత్తనీ పిన్నినీ 'యాంట్' అనే అంటారు, చీమనీ యాంటే అంటారు, అందుకని వాడి లెక్కలో ఆంటీ అంటే చిన్న సైజు చీమ. వాళ్ళమ్మ నవ్వేసి "స్పెల్లింగ్ వేరురా" అని ఊరుకుంది.

స్పెల్లింగ్ వేరే, పుట్టుక కూడా వేరే. కానీ ఈ రెండు మాటలకీ ఒకే రకం దెబ్బ తగిలింది, అదీ ఒకే చోట. అది తెలియాలంటే 'ఎమెట్' అనే మాట దగ్గరికి వెళ్ళాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళలో కూడా చాలామంది ఈ మాట విని ఉండరు. ఇంగ్లండ్ దక్షిణాన, ముఖ్యంగా నైరుతి మూలన ఉన్న పల్లెల్లో ఒకప్పుడు ఎమెట్ అంటే చీమ. 1950లలో లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి హెరాల్డ్ ఆర్టన్ బృందం 313 ఊళ్ళు తిరిగి, ఊరు దాటి పెద్దగా వెళ్ళని ముసలి రైతులని కూర్చోబెట్టి, ఊరూరా వెయ్యికి పైగా ప్రశ్నలు అడిగింది. చీమ అని చెప్పకుండా చీమని వర్ణించి, దీన్ని మీరేమంటారు అని అడగడం వాళ్ళ పద్ధతి. దక్షిణాదిలో చాలాచోట్ల వచ్చిన జవాబు ఎమెట్.

ఇప్పుడు తమాషా ఏమిటంటే, ఎమెట్, యాంట్ రెండు మాటలు కావు. ఒకటే మాట. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో చీమ పేరు సుమారుగా 'యామెట్టె', మొదటి అచ్చుని బ్యాంకులో 'బ్యా' అన్నట్టు కాస్త సాగదీసి పలకాలి. ఇంగ్లీషుకీ జర్మన్‌కీ మూలమైన పాత జర్మానిక్ భాషలో దీని అర్థం కోసేది, కొరికి ముక్క తీసేది అని. జర్మన్లు చీమని పిలిచే 'ఆమైజె' కూడా దీని తోబుట్టువే. ఈ యామెట్టె కొన్ని ఊళ్ళలో మధ్య అచ్చుని కాపాడుకుని ఎమెట్ అయింది, మిగతా ఊళ్ళలో దాన్ని మింగేసి యాంట్ అయింది.

మింగడం అంటే ఏమిటో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 'పిలిచాడు' అని రాసి 'పిల్చాడు' అంటాం, 'తెలిసింది' అని రాసి 'తెల్సింది' అంటాం. తెలంగాణలో ఎనిమిది ఎప్పుడో 'ఎన్మిది' అయిపోయింది. మాటకి మొదట్లో బలం పడితే మధ్యలో ఉన్న అచ్చు చిక్కిపోతుంది, చిక్కి చిక్కి ఒకరోజు ఉండదు. ఇంగ్లీషులో బలమంతా మొదటి అక్షరం మీదే పడింది కాబట్టి యామెట్టె కాస్తా 'యామ్ట్' అయింది.

అచ్చు పోయాక అసలు ఇబ్బంది మొదలైంది. 'మ్' అనడానికి పెదాలు మూయాలి, వెంటనే 'ట్' అనడానికి నాలుక పైకి వెళ్ళాలి. నోరు బద్ధకస్తురాలు. ఎలాగూ నాలుక పైకి వెళ్ళబోతోంది కదా, ముక్కుతో పలికే ఆ శబ్దాన్ని కూడా అక్కడే పలికేస్తే పోలా అనుకుంటుంది. దాంతో మ్ కాస్తా న్ అవుతుంది, యామ్ట్ యాంట్ అవుతుంది. ఈ సూత్రాన్ని మన లిపి ఒక్క గుండ్రంలో బిగించి పెట్టింది, అదే సున్న. 'సంపద' అని చూడండి, సున్న దగ్గర పెదాలు మూసుకున్నాయి, అది మ్. 'సంత' అనండి, నాలుక పళ్ళని తాకింది, అది న్. 'గంట'లో నాలుక కొన వెనక్కి మడిచి ణ్ అంటున్నాం, 'కంచం'లో ఞ్, 'సంగతి'లో ఙ్. గుర్తు ఒక్కటే, వెనక ఎవరు నిలబడితే వాళ్ళ వేషం వేసుకుంటుంది. సున్నని సున్నగా విడిగా పలకమని నేను క్లాసులో పిల్లలని అడిగేవాణ్ణి, ఎవరి వల్లా అయ్యేది కాదు, ఎందుకంటే తనకంటూ ఒక చోటు లేదు దానికి. మన బడుల్లో సున్నని 'అం' అని బట్టీ పట్టించి వదిలేస్తారు. నోట్లో నాలుక ఎక్కడికి పోతోందో చూసుకోమని ఒక్కరోజు చెప్పినా చాలు, పిల్లలు సగం ధ్వనిశాస్త్రం ఆడుతూ నేర్చుకుంటారు.

సరే, మ్ పక్కన ట్ వస్తే ఇంకో దారి కూడా ఉంది. పెదాలు మూసుకునే ఉండగా ముక్కు దారి ఒక్క క్షణం ముందే మూసుకుపోతే ఏమవుతుంది? మధ్యలో ఒక 'ప్' పేలుతుంది. నడిమి కాలపు ఇంగ్లీషు రాతల్లో చీమని 'యాంప్టె' అని రాసినవాళ్ళూ ఉన్నారు. మన దేశంలోనూ ఇదే జరిగింది, మామిడికి సంస్కృతంలో ఆమ్రం, ఆ మకారానికీ రకారానికీ మధ్య ఒక బకారం పేలి ప్రాకృతంలో 'అంబ' అయింది, మరాఠీ వాళ్ళ ఆంబా అక్కడి నుంచి వచ్చిందే. చీమకి ఈ ప్ నిలవలేదు కానీ ఇంకో మాటకి నిలిచింది. ఖాళీ అనడానికి వాడే 'ఎంప్టీ' పాత ఇంగ్లీషులో 'యామెట్టిగ్', అంటే పనీపాటా లేనివాడు, తీరిగ్గా ఉన్నవాడు. యామెట్టె, యామెట్టిగ్ పక్కపక్కన పెట్టి చదవండి, వేర్లు వేరైనా వినడానికి కవలలే. ఒకటి మ్‌ని వదులుకుని కష్టజీవి చీమ అయింది, ఇంకోటి ప్‌ని అడ్డం పెట్టుకుని మ్‌ని కాపాడుకుని ఖాళీగా కూర్చుంది!

ఇక ఆంటీ. లాటిన్‌లో 'అమిత' అంటే నాన్న చెల్లెలో అక్కో, అచ్చంగా మన మేనత్త. అమ్మ చెల్లెలికి వాళ్ళకి వేరే మాట ఉండేది. ఈ అమిత ఫ్రెంచి వాళ్ళ నోట్లో పడి మధ్య అచ్చు పోగొట్టుకుంది, అమ్త అయింది, మ్ న్ అయింది, 'అంత్' లాంటి రూపంలో ఇంగ్లండు చేరింది. చీమకి జరిగిందీ ఇదే, ఒక్క అడుగు కూడా తేడా లేదు. మేనత్తకీ పిన్నికీ ఉన్న తేడాని కూడా ఇంగ్లీషు దారిలోనే ఎక్కడో పారేసింది, ఇప్పుడు ఆ ఊడిపోయిన మాటని మనం తెచ్చుకుని, కూరగాయలమ్మే ఆవిడ నుంచి అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి భార్య దాకా అందరికీ తగిలిస్తున్నాం. మా మనవడికి ఇదంతా కుదించి, "చీమలోనూ ఆంటీలోనూ ముందు ఒక మ ఉండేది నాన్నా, మింగేశారు" అని చెప్పాను. "ఏ ఆంటీ మింగింది?" అన్నాడు.

ఎమెట్ పూర్తిగా పల్లెటూరి మాటగా మిగలక ముందు ఏది గెలుస్తుందో ఎవరికీ తెలియని కాలం ఒకటి నడిచింది. బైబిల్ సామెతల్లో సోమరిని చీమ దగ్గరికి వెళ్ళి బుద్ధి తెచ్చుకోమనే వాక్యం ఉంది కదా, 1535 నాటి కవర్‌డేల్ అనువాదం సోమరిని ఎమెట్ దగ్గరికి పంపింది, 1560 నాటి జెనీవా బైబిల్ 'పిస్‌మైర్' దగ్గరికి పంపింది, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ యాంట్ దగ్గరికి పంపింది. 1611 నాటి పుస్తకమే ఇంటింటికీ చేరింది.

పిస్‌మైర్ ఏమిటంటారా? 'మైర్' అంటే చీమ, 'పిస్' అంటే మీరు అనుకున్నదే, మూత్రం. అడవి చీమల గూళ్ళ దగ్గర ఆ ఘాటు వాసన వస్తుంది. ఆ వాసన వెనక ఉన్నది ఫార్మిక్ ఆమ్లం, ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు, అంతే, సేంద్రియ ఆమ్లాల్లో ఇంతకంటే చిన్నది లేదు. 1670 ప్రాంతంలో జాన్ రే అనే ప్రకృతి శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీ పత్రికకి రాసిన ఉత్తరంలో చీమల పులుపు రసం గురించి, వాటిని బట్టీ పెట్టి తీసిన ఆమ్లం గురించి ఉంది. నీలం రంగు చికోరీ పూలని చీమల గూటిలో వేస్తే ఎర్రబడతాయన్న ముచ్చట కూడా అందులోనే ఉంది. పూలలో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది, ఆమ్లం తగలగానే దాని అణువు ప్రోటాన్ అందుకుని రూపం మార్చుకుంటుంది, మారాక అది ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుంటుంది, మన కంటికి ఎరుపు మిగులుతుంది. మన శంఖుపుష్పం నీళ్ళలో నిమ్మచెక్క పిండితే జరిగేదీ ఇదే. చీమ కుడితే ఫార్మిక్ ఆమ్లం, వంటసోడా రాయండి అని మన స్కూలు పుస్తకాలు చెప్పేది మాత్రం సగమే నిజం. ఫార్మిక్ ఆమ్లం చిమ్మేది ఒక ఉపకుటుంబం చీమలు, మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు ఆ రకం. నిప్పు చీమల విషంలో ఎక్కువ భాగం ఆల్కలాయిడ్లు, అవి క్షారాల జాతి, సోడా కూడా క్షారమే, వాటి మీద అది చల్లి ఏం లాభం?

మైర్ ఇంకా దూరపు చుట్టం. గ్రీకులో చీమ 'మిర్మెక్స్', పర్షియన్‌లో 'మూర్', సంస్కృత వేదంలో 'వమ్ర', అన్నీ ఒకే ఇంటివి. వల్మీకం కూడా ఆ ఇంటి మాటే అంటారు, అంటే వాల్మీకి పేరులో ఓ మూల చీమ పాకుతోందన్నమాట. పుట్ట కట్టేది చీమలు కాదు, చెదలు, అది వేరే సంగతి.

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో ఇప్పటికీ ఎమెట్ బతికే ఉంది, కాకపోతే చీమగా కాదు. ఎండాకాలం రాగానే సముద్రం ఒడ్డుకి బారులు బారులుగా దిగి, ఎండకి ఎర్రగా కమిలి, దారులన్నీ నింపేసే టూరిస్టులని అక్కడివాళ్ళు ఎమెట్లు అంటారు, ముద్దుగా కాదు, విసుగుతోనే. పక్కనున్న డెవన్ వాళ్ళు వాళ్ళనే 'గ్రాకిల్స్' అంటారు. ఎమెట్ తమ సొంత భాష కార్నిష్‌లోని అచ్చమైన మాట అని చాలామంది కార్న్‌వాల్ వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు కానీ అది మనం చూసిన ఇంగ్లీషు చీమే. కార్నిష్ భాషలో చీమ 'మూర్యన్', వమ్ర వంశం. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి పల్లెల్లో మూర్యన్లని చంపితే అరిష్టం అనేవారు, చిట్టి దేవతలు ఏటేటా చిన్నవై చిన్నవై చివరికి చీమలై లోకం వదిలిపోతారని వాళ్ళ నమ్మకం. చంద్రుడి ఫలానా కళ నాడు మూర్యన్ల గుట్టలో తగరం ముక్క పెడితే వెండి అవుతుందని కూడా నమ్మేవారు. తగరపు గనులు తవ్వుకుని బతికిన ఊళ్ళు మరి, పెట్టి చూడకుండా ఎవరుంటారు.