క్లారినెట్‌కీ ఋతువులున్నాయి

చలికాలం పొద్దున్నే పెట్టె తెరిచి, ముక్కలన్నీ బిగించి, మొదటి స్వరం ఊదగానే శ్రుతి చూపించే ట్యూనర్ సూది ఎడమవైపుకి, అంటే శ్రుతి దిగిందన్నట్టు, వాలిపోతుంది. రాత్రి గది వెచ్చగా ఉన్నప్పుడు సరిగ్గా మధ్యలో నిలబడ్డ స్వరమే అది. పెదవుల మధ్య అదిరే పల్చటి రెల్లుముక్క, అదే రీడ్, మారలేదు, పెదవుల పట్టూ అదే. అయినా చాలామంది తప్పు తమదే అనుకుని పెదవులు ఇంకా బిగిస్తారు. దాంతో గొంతు బిగుసుకుంటుంది, నాదం నలిగిపోతుంది, పది నిమిషాల్లో విసుగొచ్చి క్లారినెట్ మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతుంది. చలికాలంలో సాధన సన్నగిల్లడానికి బద్ధకం ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. గాలి మారింది, చెక్క మారింది, రీడ్ మారింది. ఆ మార్పులేమిటో తెలిసినవాళ్లకి విసుగు బదులు కుతూహలం పుడుతుంది. రోజూ వాద్యం చేతిలోకి తీసుకోవడానికి కుతూహలం కంటే మంచి కారణం నాకు ఇంతవరకూ దొరకలేదు.

ముందు ఆ సూది సంగతి చూద్దాం. క్లారినెట్‌లో ప్రధానంగా మోగేది చెక్క కాదు, దాని లోపలున్న గాలి. రీడ్ అదురుతూ ఆ గాలిని ఊపుతుంది, గాలి తిరిగి రీడ్‌ని తన లయలోకి లాక్కుంటుంది. ఆ ఊపు ఎంత త్వరగా తిరిగొస్తుందన్నది గాలిలో ధ్వని వేగం మీద ఆధారపడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకి సుమారు 331 మీటర్లు పోతుంది, 20 డిగ్రీల దగ్గర 343 మీటర్లు. అంటే డిగ్రీకి దాదాపు 0.6 మీటర్ల తేడా. గొట్టం పొడవు అదే ఉండి ధ్వని నెమ్మదిస్తే స్వరం దిగుతుంది. లెక్క వేస్తే, 20 డిగ్రీల దగ్గర 440 హెర్ట్జ్ పలికే గాలి 10 డిగ్రీల దగ్గర 432 చిల్లర పలుకుతుంది. అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా విభజిస్తారు కదా, ఆ కొలతలో ఇది సుమారు 30 సెంట్లు. సంగీతం నేర్చుకోని చెవికి కూడా తెలిసిపోయేంత తేడా.

చలికి గొట్టం కుంచించుకుపోవాలి కదా, పొట్టి గొట్టం పై స్వరం పలకాలి కదా అని కొందరు అడుగుతారు. ప్రశ్న మంచిదే. చెక్క పొడవు చలికి తగ్గేది లెక్కలోకి రానంత కొంచెం. గాలి ప్రభావం ముందు అది ఏ మూలకూ రాదు.

ఇక ఊదడం మొదలుపెట్టాక కథ మారుతుంది. మన ఊపిరి ముప్పై డిగ్రీల పైచిలుకు వేడితో, నిండా తేమతో లోపలికి వెళ్తుంది. నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ వైపు ముందు వేడెక్కుతుంది, కింద బెల్ అనే గంట ఆకారపు చివర దాకా వేడి చేరేసరికి చాలాసేపు పడుతుంది. చలిగదిలో ఆ కింది భాగం పూర్తిగా వేడెక్కదు కూడా. అందుకే ఒకే వాద్యంలో ఒక చివర శ్రుతి ఎక్కుతుంటే రెండో చివర ఇంకా చలికి వణుకుతూనే ఉంటుంది. దీన్ని కళ్లతో చూడొచ్చు, నాకు చాలా ఇష్టమైన ఆట ఇది. వేళ్లన్నీ ఎత్తేస్తే పలికే జి ఒకటి, రంధ్రాలన్నీ మూస్తే పలికే అడుగు ఇ ఒకటి, పాశ్చాత్య పేర్లున్న ఈ రెండు స్వరాలే తీసుకోండి. జి మోగేటప్పుడు గొట్టం పైభాగంలోని గాలే పనిచేస్తుంది, ఇ మోగేటప్పుడు దాదాపు మొత్తం గొట్టం. గది ఉష్ణోగ్రత ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సూది ఎక్కడ ఉంటుందో ఊదకముందే ఊహించి రాయండి. తర్వాత ఒక్కో స్వరం నింపాదిగా, పొడుగ్గా ఊది అసలు అంకె పక్కన వేయండి. రెండో నిమిషంలో, ఐదో నిమిషంలో, పదో నిమిషంలో మళ్లీ చూడండి. జి ముందు లేస్తుంది, ఇ వెనకాల నింపాదిగా వస్తుంది. మరి వేసవిలో? గది వేడికీ ఊపిరి వేడికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి రెండూ ఇంచుమించు కలిసే ఎక్కుతాయి. అప్పుడు మౌత్‌పీస్ కిందుండే పొట్టి ముక్క, బారెల్‌ని ఒక మిల్లీమీటరు బయటికి లాగితే సరిపోవచ్చు, చలిలో లోపలికి పూర్తిగా నొక్కినా చాలకపోవచ్చు.

గమనించారా, ఈ ఆటలో పది నిమిషాలు దీర్ఘస్వరాల సాధన అయిపోయింది. క్లారినెట్ నేర్చుకునేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా తప్పించుకునేది దాన్నే.

చెక్క విషయంలో మాత్రం ఆటలు పనికిరావు. మంచి క్లారినెట్లు ఎక్కువగా ఆఫ్రికా నల్లచెక్కతో చేస్తారు. టాంజానియా, మొజాంబిక్ వంటి దేశాల్లో పెరిగే చెట్టు ఇది, నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చెక్క. ఎంత గట్టిదైనా చెక్క చెక్కే, తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పొడి చలిలో చల్లగా ఉన్న వాద్యాన్ని తీసి ఒక్కసారిగా ఊదితే లోపలి గోడ వేడికీ తడికీ ఉబ్బుతుంది, బయటి గోడ చల్లగా, పొడిగా అలాగే ఉంటుంది. లోపలినుంచి వచ్చే ఒత్తిడికి బయటి పొర సాగలేక పగులుతుంది. పగులు చాలాసార్లు పైముక్కలో, రంధ్రాల దగ్గర, వెంట్రుకంత సన్నగా మొదలవుతుంది. అందుకే ఊదకముందు పైముక్కని చేతుల మధ్య, లేదంటే చంకలో పెట్టుకుని కొన్ని నిమిషాలు వెచ్చబరచాలి. వేడి బయటినుంచి మొదలైతే బయటి పొర వెనకబడదు. కొత్త చెక్క క్లారినెట్‌ని మొదటి వారాల్లో రోజుకి పదిహేను ఇరవై నిమిషాలకు మించి ఊదొద్దని చెప్పేది కూడా ఇందుకే. పెట్టెలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చెక్కకి హాయి. పొడికాలంలో ముక్కల చివర్లలోని లోహపు ఉంగరాలు వదులై తిరుగుతుంటే చెక్క ముడుచుకుందని అర్థం. వానాకాలంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, కీళ్లు ఉబ్బి ముక్కలు విడదీయడమే కష్టమవుతుంది. అప్పుడు బలం చూపించకండి.

చలిలో ఇంకో చికాకు, గుడగుడ శబ్దం. ఊపిరిలోని తేమ చల్లటి గోడకి తగిలి నీరై, ధారగా జారి ఏదో ఒక రంధ్రంలో చేరుతుంది. పల్చటి కాగితం ముక్క ఆ రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ కింద పెట్టి కీ మెల్లగా నొక్కి పట్టుకుంటే నీరు పీల్చేస్తుంది. కాగితాన్ని లాగకుండా, కీ ఎత్తాకే తీయాలి.

రీడ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అది రెల్లుజాతి గడ్డి కాడనుంచి కోసింది, దాని కొస మందం మిల్లీమీటరులో పదోవంతు దాకా ఉంటుంది. పొడిగాలిలో ఆ కొస అలలు తిరుగుతుంది, తేమగాలిలో మెత్తబడి ముద్దగా పలుకుతుంది. నిన్న అద్భుతంగా పలికిన రీడ్ ఈరోజు మొండికేస్తే మన సత్తా తగ్గిందని దిగులు పడక్కర్లేదు. నాలుగు రీడ్లకి అంకెలు వేసి వంతులవారీగా వాడండి, ఏ వాతావరణంలో ఏది బాగా పలికిందో అదే నోట్‌బుక్‌లో రాయండి. నెల తిరిగేసరికి ఏ రోజు ఏ రీడ్ తీయాలో చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు సాధన ఎలా చేయాలన్న ప్రశ్న. 2016లో క్రిస్టీన్ కార్టర్, జెస్సికా గ్రాన్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అందులో పాల్గొన్న పదిమందీ క్లారినెట్ వాద్యకారులే కాబట్టి మనకి ఇంకా దగ్గరిది. వాళ్లు కొన్ని రచనల్ని ఒక్కోటి 12 నిమిషాల చొప్పున ఏకబిగిన సాధన చేశారు. మరికొన్నిటిని మూడేసి నిమిషాల ముక్కలుగా, ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ చేశారు. మొత్తం సమయం రెండిటికీ ఒకటే. మర్నాటి వాయింపుల్ని ముగ్గురు క్లారినెట్ నిపుణులు విని మార్కులు వేస్తే, మార్చిమార్చి సాధన చేసిన రచనలకే కొంచెం మొగ్గు కనిపించింది. తేడా పెద్దది కాదు. నాకు విలువైనదిగా తోచింది వాద్యకారుల మాట. మూడు నిమిషాలే ఉందని తెలిసినప్పుడు ఏం సరిచేయాలో ముందే అనుకున్నామని, ధ్యాస నిలిచిందని, తప్పులు త్వరగా దొరికాయని వాళ్లలో చాలామంది చెప్పారు. ఒక ముక్క వదిలి మళ్లీ దాని దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మెదడు దాన్ని కొత్తగా వెతికి తీయాలి. ఆ వెతుకులాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది. ఆ పూటకి మాత్రం గజిబిజిగా, ఏదీ రానట్టే అనిపిస్తుంది. అక్కడే నిలబడాలి.

దీన్ని ఋతువుతో కలిపితే మంచి ఆట తయారవుతుంది. ఒక డబ్బాలో చీటీలు వేసి, ప్రతి చీటీ మీద వాతావరణం పేరు రాయండి, ఒక్కదాని మీద మాత్రం వంతెన అని రాయండి. గంట కొట్టేదాకా మూడు నిమిషాలు ఆ చీటీ పని, తర్వాత ఇంకో చీటీ. చినుకులు వస్తే నాలుకతో తుంచి తుంచి ఊదే స్వరాలు, లయ కొట్టే మెట్రోనోమ్ నడుస్తుండగా ఎక్కడ ఖాళీ వదలాలో మీ ఇష్టం. ఉరుము వస్తే అడుగు స్వరాలు, నిండు ఊపిరితో. వంతెన వస్తే క్లారినెట్ నేర్చుకునేవాళ్లందరినీ సతాయించే చోటు. వేళ్లు దాదాపు అన్నీ ఎత్తిపలికే ఎ నుంచి, అన్నీ మూసి, స్వరాన్ని పైస్థాయికి ఎత్తే రిజిస్టర్ కీ కూడా నొక్కి పలికే బి దాకా దాటడం. ఎ పలుకుతుండగానే కుడిచేతి వేళ్లు ముందే కిందికి దించేసి ఉంచితే సగం కష్టం తీరుతుంది, స్వరం పెద్దగా మారదు.

వసంతం చీటీకి కుకూ పిట్ట ఉండాలి. బీథోవెన్ 1808లో తొలిసారి వినిపించిన ఆరో సింఫనీలో, ఏటి ఒడ్డు దృశ్యం చివర ఫ్లూట్ నైటింగేల్ అవుతుంది, ఓబో కౌజుపిట్ట అవుతుంది, కుకూ కూత మాత్రం క్లారినెట్లదే. పైనుంచి కిందికి నాలుగు అర్ధస్వరాలు దిగే రెండు స్వరాలు, అంతే. ఆ రెండు స్వరాల కూతని ఏదో ఒక స్వరం మీద మొదలుపెట్టి, తర్వాత ఇంకో స్వరం మీద, ఇలా పన్నెండు చోట్లా కూయండి. తెలియకుండానే పన్నెండు శ్రుతుల్లో వేళ్లు తిరుగుతాయి.

మంచు చీటీ అన్నిటికంటే కష్టం, అందం కూడా దానిదే. వినపడీ వినపడనట్టు మొదలై మళ్లీ అలాగే కరిగిపోయే ఒక్క స్వరం. ఇది క్లారినెట్ ప్రత్యేకత. మెల్లగా ఊదినప్పుడు రీడ్ మౌత్‌పీస్‌ని పూర్తిగా మూయకుండా స్వల్పంగా మాత్రమే ఊగుతుంది. మూలస్వరంతో కలిసి మోగే పై స్వరాలు, అంటే హార్మోనిక్‌లు, చాలావరకు రాలిపోయి దాదాపు మూలస్వరం ఒక్కటే మిగులుతుంది. ఊపిరి ఒత్తిడి ఒక హద్దు కిందికి దిగితే అదీ ఆగుతుంది. ఆ హద్దు మీద ఎంతసేపు నిలబడగలరన్నదే ఈ చీటీ.

రోజూ చేయగలమా అన్న టెన్షన్ ఉన్నవాళ్లకి ఒక మాట. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో అలవాట్ల మీద ఒక అధ్యయనం చేసి 2010లో ప్రచురించింది. ఒక పని తనంతట తాను జరిగేదాకా మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కానీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. కాబట్టి గొలుసు తెగిందని ఆపేయకండి, మర్నాడు డబ్బాలోంచి చీటీ తీయండి.

నా నోట్‌బుక్‌లో పోయిన చలికాలం మొదటి పేజీ ఇలా ఉంది: గది 12 డిగ్రీలు. జి మధ్యకి రావడానికి ఆరు నిమిషాలు. ఇ రానే లేదు. రీడ్ మూడు. చివరి చీటీ మంచు. నాలుగో ప్రయత్నంలో స్వరం ఎప్పుడు ఆగిందో నాకే తెలియలేదు.