కాటాకు తెలియని లెక్క

1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు, సహచరుడు చికాషి ఇటోతో కలిసి, ఊబకాయానికి చికిత్సగా, పొట్టను చిన్నది చేసే తొలి గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేశాడు. ఆ ఆలోచన ఆయనకు అల్సర్ రోగులను చూసి వచ్చింది. ఆ రోజుల్లో కడుపులో పుండు ముదిరితే జీర్ణాశయంలో కొంత భాగాన్ని కోసి తీసేసేవారు. అలా కోయించుకున్నవాళ్లు మళ్లీ ఒళ్లు చేయడానికి నానా తంటాలు పడేవారు. ఆ రోగులకు ఇబ్బందిగా మారినదే ఊబకాయులకు చికిత్స ఎందుకు కాకూడదని మేసన్‌కు తోచింది.

పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే మనిషి తగ్గుతాడు. చాలాకాలం ఈ ఆపరేషన్‌ను అందరూ ఇంతవరకే అర్థం చేసుకున్నారు. ఈ లెక్క షుగరు దగ్గర పొసగలేదు. వాల్టర్ పోరీస్ అనే మరో అమెరికన్ శస్త్రవైద్యుడు 14 ఏళ్లలో తన బృందం బైపాస్ చేసిన 608 మంది వివరాలను 1995లో ప్రచురించాడు. మధుమేహం ఉన్న 146 మందిలో 121 మందికి రక్తంలో చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. చాలామందిలో ఆ మార్పు ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే మొదలైంది. అప్పటికి వాళ్లు తగ్గిన బరువు ఏపాటి?

జీర్ణాశయం తిండిని దాచే సంచి మాత్రమే అయితే ఇది జరగదు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా జీర్ణాశయం నుంచి గ్రెలిన్ అనే హార్మోన్‌ను వేరుచేశారు. అది మెదడుకు ఆకలి కబురు పంపుతుంది. దాన్ని ఎక్కువగా తయారుచేసేది జీర్ణాశయం పైభాగం. బరువు తగ్గించే మరో ఆపరేషన్ అయిన స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని దాదాపు నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆ పైభాగం పోవడంతో కబురు పంపే చోటే పోతుంది. బైపాస్‌లో జీర్ణాశయాన్ని చిన్న కోడిగుడ్డంత సంచిగా చేసి నేరుగా చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. తిన్నది పేగు కింది భాగానికి తొందరగా చేరడంతో జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెద్ద మొత్తంలో విడుదలవుతాయి. కడుపు నిండిందని మెదడుకు చెప్పేవి, ఇన్సులిన్‌ను పురికొల్పేవి అవే. ఇప్పుడు అందరి నోటా నానుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు అనుకరించేదీ ఈ జీఎల్‌పీ-1నే.

నోరు కట్టుకోలేక కోయించుకున్నారని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఎత్తిపొడిచేవారికి ఇంకొక సంగతి చెప్పాలి. పథ్యం చేసి బరువు తగ్గినవాళ్ల రక్తంలో గ్రెలిన్ పెరుగుతుంది. తగ్గిన ప్రతి కిలోనూ తిరిగి రాబట్టుకోవడానికి శరీరమే పట్టుబడుతుంది. ఆ పోరులో ఓడిన మనిషికి మనోబలం లేదనడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది.

మరి అరవై దాటినవారి సంగతి? ఒకప్పుడు ఆ వయసులో ఈ ఆపరేషన్ ఊసే ఎత్తేవారు కాదు. 2022లో అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) శస్త్రవైద్యుల సంఘాలు మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు వయసుకు పైహద్దు పెట్టలేదు. పుట్టిన తేదీ కంటే గుండె, ఊపిరితిత్తులు, నడక, ఒంట్లో సత్తువ ఎలా ఉన్నాయో చూడమన్నాయి. పెద్దవాళ్లు కుర్రవాళ్లంత బరువు తగ్గకపోవచ్చు. మధుమేహం ఇరవై ఏళ్ల నాటిదైతే, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు అప్పటికే చాలావరకు అరిగిపోయి ఉంటాయి కనుక షుగరు పూర్తిగా వెనక్కి తగ్గే అవకాశమూ తక్కువే. అయినా రాత్రిపూట గురకతో ఊపిరి ఆగే జబ్బు తగ్గడం, బీపీ మాత్రలు తగ్గడం చిన్న లాభాలేమీ కావు. మోకాళ్ల విషయం ఇంకా స్పష్టం. శరీరం ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కీళ్లవాతం ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంలో తేలింది. పది కిలోలు తగ్గినవారు మెట్లెక్కేటప్పుడు ఆ తేడా వాళ్ల ముఖంలోనే కనిపిస్తుంది.

ఆయుష్షు లెక్కకు వస్తే, 37 నుంచి 60 ఏళ్ల మధ్యవారిని తీసుకుని దశాబ్దాలు నడిచిన స్వీడన్ పరిశోధన ఉంది. ఆపరేషన్ చేయించుకున్నవారు చేయించుకోని ఊబకాయుల కంటే సగటున సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారు. సాధారణ జనాభాతో పోలిస్తే మాత్రం ఇంకా అయిదేళ్లకు పైగా వెనకబడే ఉన్నారు. ఆస్పత్రి ప్రకటనల్లో ఈ రెండో వాక్యం కనిపించదు.

అసలు చిక్కు కాటాతోనే. ఇరవై కిలోలు తగ్గిందని అది చెబుతుంది. అందులో కొవ్వెంత, కండెంత అన్నది చెప్పదు. తగ్గిన బరువులో దాదాపు పావు వంతు కండే కావచ్చు. ముప్పైల్లో ఉన్నవాడు దాన్ని మళ్లీ సంపాదించుకుంటాడు. వయసుతోనే కండ కరిగిపోతున్న మనిషికి అది అంత తేలిక కాదు. దీనికి తోడు, కాల్షియం, ఇనుము బాగా పీల్చుకునే ఆంత్రమూలాన్ని, అంటే చిన్నపేగు మొదటి భాగాన్ని, బైపాస్‌లో తిండి తాకనే తాకదు. దాంతో ఎముకలు పలచబడతాయి, విరిగే ప్రమాదం పెరుగుతుంది. చిన్న పొట్టలో పట్టే నాలుగు ముద్దల్లో మొదటిది మాంసకృత్తులదే కావాలని, రోజుకు కనీసం 60 గ్రాములు అందాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. నడక మంచిదే కానీ చాలదు. కండ నిలవాలంటే దానికి బరువు మోసే పని పెట్టాలి.

బి12 లోపం మరీ మోసకారి. దాన్ని పీల్చుకోవడానికి జీర్ణాశయంలో ఊరే ఒక పదార్థం తోడు కావాలి. ఆపరేషన్ తర్వాత ఆ తోడు తగ్గిపోతుంది. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉండటంతో లోటు వెంటనే బయటపడదు. రెండు మూడేళ్లకు పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారు. సులువుగా సరిదిద్దగల లోపం అలా నరాలను శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. షుగరుకు చాలాకాలం మెట్‌ఫార్మిన్ వాడినవారిలో ఈ నిల్వ ముందే తగ్గి ఉండవచ్చు కనుక ఏటా రక్తపరీక్ష మానకూడదు.

పాత మందుల చీటీ కూడా మారాలి. ఇన్సులిన్ మోతాదును ఆపరేషన్ అయిన వెంటనే తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మోకాళ్ల కోసం ఏళ్లుగా మింగుతున్న ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు బైపాస్ తర్వాత పేగు అతికిన చోట పుండు పుట్టిస్తాయి. మేసన్ కథ అల్సర్‌తో మొదలైంది, ఇది మళ్లీ అక్కడికే తీసుకొస్తుంది.

ఆపరేషన్‌కు ముందే ఒక పని చేయవచ్చు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టి, ఆ అంకెను బరువు పక్కన రాసుకోవాలి. ఆరు నెలలకు కాటా మీది అంకెతో పాటు ఇదీ తగ్గితే, కొత్త బట్టలు కొనే ముందు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.